రేవు పక్కని పచ్చిక

రేవు పట్టణమంటే మన కంటికి ముందుగా కట్టేవి ఓడలు, క్రేనులు, గిడ్డంగులు, వాటి నడుమ తిరిగే లారీలు. విశాఖపట్టణవాసులమైన మనకు ఈ దృశ్యం కొత్త కాదు. వచ్చిన సరుకెంత, పోయిన సరుకెంత అని లెక్కలు చూసుకోవడమూ మనకు అలవాటే. కాని ఆ రేవులో పనిచేసి అలసిన మనుష్యులు సాయంకాలం ఎక్కడ చేరుతారు, ఏమి ఆడుకుంటారు, ఆ ఆటలోకి ఎవరిని రానిస్తారు, ఎవరిని రానివ్వరు అన్న ప్రశ్నలను మనం అంతగా పట్టించుకోము. ఒక పట్టణం తన ప్రజలను ఎట్లా చూసుకున్నదో తెలుసుకోవాలంటే సరుకుల లెక్కలతోపాటు ఈ ప్రశ్నలకు కూడ సమాధానం వెదకవలసి ఉంటుంది.

ఇంగ్లండు దక్షిణ తీరాన సౌతాంప్టన్ అనే రేవు పట్టణం ఉన్నది. 1912 ఏప్రిల్ 10వ తేదీన టైటానిక్ ఓడ బయలుదేరినది అక్కడినుంచే. ఆ రేవుకు చేరువలో, పట్టణపు పాత ప్రాకారం చెంత, చక్కగా కత్తిరించిన ఒక చిన్న పచ్చిక బయలు కలదు. దానిపై 'బౌల్స్' అనే ఆట ఆడుతారు. 1299వ సంవత్సరంనుంచి ఈ ఆట ఆ చోటనే సాగుతూ వస్తున్నదని అక్కడి క్లబ్బు సంప్రదాయం చెబుతున్నది. ప్రపంచంలోని బౌలింగు పచ్చికలలో ఇదే మిక్కిలి పాతదని దానికి ప్రసిద్ధి. 1299 అంటే ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు రాజ్యం చేస్తున్న కాలం. అప్పటికి సౌతాంప్టన్ కూడ గోడ చాటున ఒదిగిన చిన్న సముద్రతీర పట్టణమే.

ఇంతకాలం ఒక ఆట ఒకే చోట ఎట్లా నిలిచినది? ఈ ప్రశ్నకు సమాధానం ఆ క్లబ్బు చరిత్రలోనే దొరుకుతుంది. అయితే ముందుగా ఆట స్వరూపం కొంత తెలియవలెను.

మన పిల్లలు గోళీలాడేటప్పుడు ఒక గోళీని దూరంగా ఉంచి, తక్కిన గోళీలను దానికి చేరువగా పోయేటట్లు విసురుతారు. బౌల్స్ ఆట మూలసూత్రమూ ఇంచుమించు ఇదే. మొదట ఒక ఆటగాడు చిన్న చాపపై నిలబడి 'జాక్' అనే చిన్న బంతిని పచ్చికపై దొర్లిస్తాడు. అది తెల్లగానో పసుపుపచ్చగానో ఉండి, దూరానికి కూడ కనుపిస్తుంది. తరువాత ఇరుపక్షాలవారు ఒకరి వెనుక ఒకరు తమ పెద్ద బంతులను దాని దగ్గరకు దొర్లిస్తారు. బంతులన్నీ అయిన పిమ్మట, ఎదుటి పక్షంవారి అతి సమీపపు బంతికన్న జాక్‌కు చేరువగా తమవి ఎన్ని ఉన్నవో లెక్కపెట్టి, అన్ని పాయింట్లు వేసుకుంటారు. ఇది ఒక ఆవృత్తి. ఇట్లా పచ్చిక ఈ కొసనుంచి ఆ కొసకు, ఆ కొసనుంచి ఈ కొసకు ఆట సాగుతుంది. ఒక్కొక్కరుగా ఆడవచ్చును, ఇద్దరు, ముగ్గురు, నలుగురు జట్టుగానూ ఆడవచ్చును. పరుగు లేదు, గెంతు లేదు, ఒకరి మీద ఒకరు పడడం లేదు.

ఇంత సులభమైన ఆటలో విశేషమేమున్నదని పాఠకులు అడుగవచ్చును. విశేషమంతా ఆ పెద్ద బంతిలో ఉన్నది. అది చూపులకు గుండ్రంగానే ఉంటుంది గాని నిజానికి గుండ్రం కాదు. ఒక పక్క మరొక పక్కకన్న కొంచెం వేరుగా చెక్కబడి ఉంటుంది. అందువల్ల దాని బరువు సరిగా నడిమికి రాక, ఒక పక్కకు మొగ్గి ఉంటుంది. మన ఆటోనగరులో లేతు మీద పనిచేసేవారు పొద్దస్తమానమూ పడే తాపత్రయమంతా వస్తువు సెంటరు తప్పకుండా చూడడానికే గదా! ఇక్కడ పనివాడు ఆ సెంటరును బుద్ధిపూర్వకంగా, కొలత ప్రకారం తప్పిస్తాడు. అతని నేర్పంతా ఎంత తప్పించవలెనో అంతే తప్పించడంలో ఉన్నది.

దీని ఫలితమేమంటే, బంతి తిన్నగా పోదు. వేగంగా ఉన్నంతసేపూ దాదాపు తిన్నగా పోయి, వేగం తగ్గినకొద్దీ మొగ్గు ఉన్న పక్కకు వంగుతుంది. రూపాయి బిళ్ళను నేలపై దొర్లించి చూడండి. మొదట నిటారుగా పోయి, నెమ్మదించగానే ఒక పక్కకు ఒరిగి, ఆ పక్కకే చుట్టు తిరుగుతుంది. బౌల్స్ బంతి వంపుకు కారణం ఇటువంటిదే. కాబట్టి జాక్‌కు సూటిగా గురిపెట్టినవాని బంతి దాని దగ్గరకు చేరదు. జాక్‌ను విడిచి ఎంతో ఎడమగానో కుడిగానో గురిపెట్టి, అది వంగి వంగి చివరకు ఇల్లు చేరేటట్లు వదలవలెను. గాలి వాటం, పచ్చిక తడి, గడ్డి ఎత్తు, నేల గట్టిదనం అన్నీ ఈ లెక్కలోకి వస్తవి. కండబలంకన్న అంచనా, ఓర్పు ఇక్కడ ఎక్కువ పనిచేస్తవి. డెబ్బది ఏండ్ల తాత, పదునైదేండ్ల మనుమడు సమఉజ్జీలుగా ఆడగలగడానికి కారణం ఇదే.

ఈ మొగ్గు ఆటలోకి ఎట్లా వచ్చినదో చెప్పే కథ ఒకటి ఉన్నది. 1522లో సఫోక్ ప్రభువు ఆడుతుండగా అతని కొయ్యబంతి పగిలినదట. ఆయన ఇంటి మెట్ల కమ్మీ చివరనున్న గుండును కోయించి తెచ్చి ఆడగా, కోసిన పక్క చదునుగా ఉండటంచేత అది వంకరగా పోయినదట. ఆ వంకర అందరికీ నచ్చినదట. కథ నిజమైనా కాకపోయినా, బంతులు చాలకాలం గట్టి కొయ్యతోనే తయారైనవన్న మాట నిజం. నీటిలో వేస్తే మునిగిపోయేటంత బరువైన లిగ్నం వైటే అనే అమెరికా ఖండపు కర్ర వాటికి శ్రేష్ఠమని పేరు పొందినది. ఇరువదవ శతాబ్దంలో రబ్బరు, ఆ తరువాత ప్లాస్టిక్ మిశ్రమాలు ఆ స్థానాన్ని ఆక్రమించినవి.

ఇక సౌతాంప్టన్ పచ్చిక విషయానికి వద్దాము. పన్నెండవ శతాబ్దపు చివర ఆ పట్టణంలో 'గాడ్స్ హౌస్', అనగా దేవుని ఇల్లు అనే ధర్మసంస్థ వెలసినది. బాటసారులకు, బీదలకు ఆశ్రయమిచ్చేది కాబట్టి దానిని మన సత్రాలతో పోల్చవచ్చును. ఆ సంస్థకు చెందిన ఖాళీ స్థలంలోనే, దాని అధికారి తన మిత్రులతో కలిసి వినోదానికై బంతులు దొర్లించేవాడట. క్లబ్బు తన మూలాన్ని ఆ ఆటలోనే చూపుతున్నది. అంటే ఈ పచ్చిక రాజుగారి తోటలో పుట్టలేదు. ధర్మసత్రపు పెరటిలో పుట్టినది.

కాని రాజ్యం ఈ ఆటను చల్లని కంటితో చూడలేదు. ఆనాటి యుద్ధాలలో ఇంగ్లండుకు ప్రధానబలం విలుకాండ్రు. సామాన్యులు విలువిద్య మాని బంతులాడుతూ కూర్చుంటే సేన ఏమి కావలెనని పాలకుల భయం. 1541లో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వం ఒక శాసనం చేసినది. చేతిపనివారు, కమతగాండ్రు, కూలీలు, పని నేర్చుకునే కుర్రవాండ్రు, నౌకర్లు, నావికులు, జాలరులు క్రిస్మసు దినాలలో తప్ప బౌల్స్ ఆడరాదని అది నిషేధించినది. క్రిస్మసులోనైనా తమ యజమానుల ఇండ్లలో, వారి ఎదుటనే ఆడవలెను. ఏటా వంద పౌన్లకు తగ్గని రాబడిగల భూస్వాములకు మాత్రం తమ తోటలలో ఆడించుకునే అనుమతి లభించేది. ఆ రోజులలో వంద పౌన్లంటే సామాన్యుడు కలలోనైనా చూడని సొమ్ము.

ఈ జాబితాను పాఠకులు మరియొకసారి చూడవలెనని మా మనవి. నావికులు, జాలరులు, చేతిపనివారు, కూలీలు! వీరిని తీసివేస్తే రేవు పట్టణంలో మిగిలేదెవరు? 1588లో స్పెయిను నౌకాదళం వస్తున్నదని కబురు వచ్చినప్పుడు, ప్లిమత్ రేవులో సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ బౌల్స్ ఆడుతూ, ఆట ముగించిన తరువాతనే యుద్ధానికి కదిలినాడని ఇంగ్లండులో పిల్లలందరికీ చెబుతారు. ఈ కథకు ఆనాటి సాక్ష్యం లేదు. ఉన్నదనుకున్నా, దొరగారు ఆడుతుండగా ఆయన ఓడను నడిపే నావికుడు అదే ఆట ఆడితే జుల్మానా చెల్లించవలసినవాడే. ఈ శాసనంలోని ఆటల నిషేధం రద్దయినది 1845లో. అనగా మూడువందల నాలుగు సంవత్సరాలు పచ్చికకు చట్టం కంచె వేసి ఉంచినది. మధ్యలో దానిని అంత గట్టిగా అమలు జరుపని కాలాలు లేకపోలేదు గాని, చట్టపు మాట మాత్రం అదే.

ఆ నిషేధం ఇంకను పుస్తకాలలో ఉండగానే, 1776లో, సౌతాంప్టన్ పచ్చికపై ఒక పోటీ ఆరంభమైనది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడినది కూడ ఆ సంవత్సరమే. ఆ పోటీ నేటికీ ప్రతి ఆగస్టు మాసంలో జరుగుతున్నది. పచ్చికపై ఒక నాణెం పెట్టి, దానిమీద జాక్‌ను ఉంచుతారు. పోటీదారులు ఒక్కొక్కరు రెండేసి బంతులు దొర్లిస్తారు. దగ్గరగా వచ్చినవానికి ఒక పాయింటు. ముందుగా ఏడు పాయింట్లు సంపాదించినవాడు విజేత. ఎవరో ఒకరు ఏడు చేరుకునేదాకా పోటీ ముగియదు కాబట్టి ఒక్కొక్కసారి అది రోజుల తరబడి సాగుతుంది.

విజేతకు ధనం రాదు. అతనికి 'నైట్' అనే బిరుదు, మెడలో ఒక పతకం, పేరుకు ముందు 'సర్' అనే గౌరవపదం లభిస్తవి. ఇది రాజుగారిచ్చిన బిరుదు కాదు; ఆ పచ్చిక ఇచ్చినది. ఆ పచ్చికపైననే చెల్లుతుంది. అతడు ఓడరేవులో పనిచేసినా, దుకాణం నడిపినా, అక్కడ మాత్రం సర్. అయితే ఈ బిరుదుతోపాటు ఒక నియమం వచ్చి పడుతుంది. ఒకసారి గెలిచినవాడు మరల ఎన్నడూ ఆ పోటీలో ఆడరాదు. మరుసటి ఏటినుంచి అతడు పొడుగాటి టోపీ, తోకకోటు ధరించి, తన ముందటి విజేతలతోపాటు అంచున నిలబడి, ఎవరి బంతి దగ్గరగా ఉన్నదో తీర్పు చెప్పవలెను.

ఈ నియమంలోని లోకజ్ఞానాన్ని మనం గమనించవలెను. ఏ సంఘంలోనైనా సాధారణంగా జరిగేదేమిటి? గట్టివాడు ఏటేటా గెలుస్తాడు. తక్కినవారు కొంతకాలం చూసి, విసుగుపుట్టి, రావడం మానుకుంటారు. చివరకు నలుగురు గట్టివారే మిగిలి, వారు ముసలివారు కాగానే సంఘం మూతపడుతుంది. సౌతాంప్టన్‌వారు గెలుపును పదవీవిరమణగా మార్చినారు. గెలిచినవానికి గౌరవమిచ్చి, చోటు మాత్రం కొత్తవానికిచ్చినారు. గెలిచినవానిని పంపివేయనూ లేదు. అతని అనుభవాన్ని న్యాయనిర్ణయానికి వినియోగించుకున్నారు. రెండువందల యాభై ఏండ్లుగా ఈ పోటీ బ్రతికి ఉండటానికి ఇది ముఖ్యకారణమని మా అభిప్రాయం.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ ఆట కంచె దాటినది. అందుకు తోడ్పడినవి రెండు. మొదటిది యంత్రం. 1830లో గ్లాస్టర్‌షైరుకు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంజనీరు గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందినాడు. ఉన్ని బట్టల మిల్లులో గుడ్డపై లేచిన నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే పద్ధతి పచ్చికకు పనికివస్తుందని ఆయనకు తోచినది. అంతకుముందు పచ్చికను సమంగా ఉంచాలంటే కొడవళ్ళు పట్టిన మనుష్యులో, మేసే గొర్రెలో ఉండవలెను. ఆ ఖర్చు భూస్వామికే సాధ్యం. యంత్రం వచ్చిన తరువాత చిన్న పట్టణం కూడ ఒక పచ్చికను పోషించుకోగలిగినది. రెండవది నియమాల కూర్పు. 1848లో స్కాట్లండు క్లబ్బులవారు గ్లాస్గోలో సమావేశమైన పిమ్మట, విలియం మిచెల్ అనే న్యాయవాది ఆట నియమాలను క్రోడీకరించినాడు. 1903లో ఇంగ్లండు బౌలింగు సంఘం ఏర్పడినప్పుడు దాని మొదటి అధ్యక్షుడు సుప్రసిద్ధ క్రికెటు వీరుడు డాక్టర్ డబ్ల్యూ.జి. గ్రేస్.

పిమ్మట పురపాలక సంఘాలు తమ ఉద్యానవనాలలో పచ్చికలు వేయించి, స్వల్ప రుసుముపై సామాన్యులను ఆడనిచ్చినవి. సముద్రతీర పట్టణాలలో ఇవి మరీ వ్యాపించినవి. ససెక్స్ తీరంలోని వర్తింగ్ అనే చిన్న పట్టణపు బీచ్ హౌస్ పార్కులో 1972లోనూ, మరల 1992లోనూ ప్రపంచ బౌల్స్ పోటీలు జరిగినవి. పట్టణం తన ప్రజలకోసం వేసిన పచ్చిక ప్రపంచానికి ఆతిథ్యమిచ్చినదన్నమాట.

ఆంగ్లేయులు పోయిన చోటికల్లా ఈ ఆట వెంట పోయినది. 1845లోనే టాస్మేనియా దీవిలోని హోబర్టు పట్టణంలో ఆడినారు. 1864లో మెల్‌బోర్నులో క్లబ్బు వెలసినది. ఆస్ట్రేలియాలో ప్రతి చిన్న ఊరికీ పచ్చిక ఉండవలెనన్నంతగా ఆట జనంలో కలిసిపోయినది. మన దేశంలో అట్లా కాలేదు. ఇక్కడ అది కలకత్తా వంటి నగరాలలోని క్లబ్బుల పచ్చికలకు పరిమితమైనది. మన ఊరిలోనే వాల్తేరు క్లబ్బు 1883లో ఏర్పడినది. అప్పటికి మన రేవు ఇంకను కట్టబడలేదు. అది ప్రారంభమైనది 1933లో. ఆ కాలపు క్లబ్బులలో సభ్యత్వం చాలవరకు దొరలది. పచ్చికకు నీరు పోసి, గడ్డి కోసి, బంతులు అందించే పని మనవారిది. ఇంగ్లండులో శాసనం వేసిన కంచెను 1845లో తొలగించినారు గాని, ఇక్కడ ఆచారం వేసిన కంచె మరి నూరేండ్లు నిలిచినది.

ఆ ఆట మన సామాన్యులకు చేరినది క్లబ్బుల ద్వారంగుండా కాదు. 2007లో గౌహతిలోనూ, 2011లో రాంచీలోనూ జరిగిన జాతీయ క్రీడలలో లాన్ బౌల్స్‌కు చోటు లభించినది. ఈ రెంటి నడుమ, 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో మన జట్లు పాల్గొన్నవి. అస్సాం, జార్ఖండు, ఢిల్లీ ప్రాంతాల యువతీయువకులు ఈ ఆట నేర్చుకున్నారు. 2022 ఆగస్టు 2వ తేదీన, బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో, మన మహిళల నలుగురి జట్టు అంతిమ పోటీలో దక్షిణాఫ్రికాను 17–10 పాయింట్లతో ఓడించి స్వర్ణపతకం గెలుచుకున్నది. ఒక దశలో ఇరుపక్షాలు 10–10తో సమానంగా నిలిచినవి. ఈ ఆటలో కామన్వెల్తు క్రీడలనుంచి మనకు వచ్చిన మొదటి పతకమది. ఆ నలుగురు లవ్‌లీ చౌబే, పింకీ, నయన్‌మోనీ సైకియా, రూపారాణి తిర్కీ. ఒకరు జార్ఖండు పోలీసు కానిస్టేబులు. ఒకరు ఢిల్లీలో పాఠశాల వ్యాయామోపాధ్యాయిని. ఒకరు బరువులెత్తే క్రీడలో గాయపడి ఇటు వచ్చినవారు. ఒకరు పూర్వం కబడ్డీ ఆడినవారు. హెన్రీ శాసనమే నేటికీ ఉండి ఉంటే, వీరిలో ఏ ఒక్కరూ పచ్చికపై అడుగు పెట్టగలిగేవారు కారు. అదే క్రీడలలో మన పురుషుల నలుగురి జట్టుకు రజతపతకం లభించినది.

ఇదంతా మన విశాఖకు ఎందుకని అడిగేవారు ఉండవచ్చును. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకితమైనది. అందులోనూ, రేవులోనూ, ఆటోనగరు షెడ్లలోనూ వయసులో ఉండగా పనిలో చేరినవారు వేలకొలదిగా విశ్రాంత జీవితంలోకి వచ్చినారు, వస్తున్నారు. ఉదయం బీచి రోడ్డుపై నడుస్తారు, బల్లలపై కూర్చుంటారు. నడక ఆరోగ్యానికి మంచిదే. కాని నడకలో ఎదుటి పక్షం లేదు, జట్టు లేదు, రేపు మరల రావలసిన నిమిత్తం లేదు. ముప్పది ఏండ్లు పదిమందితో కలిసి పనిచేసినవానికి హఠాత్తుగా కరవయ్యేది ఆ కలిసి పనిచేయడమే. వీరిలో స్త్రీల విషయం చెప్పనే అక్కరలేదు. వారికి ఆటస్థలమన్నదే ఈ ఊళ్ళో అరుదు.

పచ్చికకు కావలసినది ఏమిటి? నలుబది మీటర్లకు మించని పొడవు, అంతే వెడల్పు గల సమతలం; నీరు నిలువకుండా అడుగున ఇసుక, కంకర; పైన పొట్టిగా, దట్టంగా పెరిగే గడ్డి. వేడిదేశాలలో ఇందుకు వాడే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయకచవితినాడు మనం పూజకు తెచ్చుకునే గరికకు చెందిన జాతియే. ఎండకు, ఉప్పుగాలికి అది ఓర్చుకుంటుంది. గడ్డిని పోషించలేని చోట కృత్రిమ పచ్చిక పరచి కూడ ఆడుతున్నారు. రుసుము తక్కువగా ఉండి, పదిమందికీ తలుపు తెరచి ఉంటే, ఒక పురపాలక ఉద్యానవనంలో ఒక మూల ఇందుకు సరిపోతుంది.

అయితే స్థలం సంపాదించడం సగం పని మాత్రమే. ఏ సంఘమైనా మొదటి పదేండ్లు ఉత్సాహంతో నడుస్తుంది. ఆ తరువాత నడిచేది దాని నియమాలను బట్టి. ఎవరు రావచ్చును, గెలిచినవాడు ఏమి చేయవలెను అన్న రెండు ప్రశ్నలకు మొదటి రోజుననే సమాధానం వ్రాసిపెట్టుకొనవలెను. సౌతాంప్టన్‌వారు రెండవ ప్రశ్నకు 1776లోనే సమాధానం చెప్పినారు. మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పడానికి వారి దేశానికి 1845 దాకా పట్టినది. మనకు అంత కాలం పట్టనక్కరలేదు.